ఎన్నూరు ఉప్పుటేటి ఒడ్డున సంపన్న రాజ్యముల సహకారము: ఒక విమర్శ

సంపన్న రాజ్యములు వర్ధమాన రాజ్యములకు చేయు సాహాయ్యమును గూర్చి వచ్చు వ్రాతలు సామాన్యముగా రెండు తెఱగుల నుండును. ఇచ్చిన మొత్తమును లెక్కించి దాతను కొనియాడునది ఒక తెఱగు. దాత అంతరంగమును శంకించి సాహాయ్యమునే త్రోసిపుచ్చునది మఱియొక తెఱగు. ఈ రెండింటియందును సాహాయ్యము వచ్చి దిగిన నేల కానరాదు. ఆ నేలపై ఏమి నిలిచినది, ఏమి పోయినది, ఎవరు నేర్చిరి, ఎవరు నష్టపడిరి అను ప్రశ్నలు ప్రభుత్వముల ఒప్పంద పత్రములలో అరుదుగా వినబడును. కావున ఈ విషయమును ఒక నియత ప్రదేశమును ముందిడుకొని విచారించుట మేలు. అందులకు చెన్నపట్టణమునకు ఉత్తరమున కొసస్తలై నది సముద్రమున కలియు చోటనున్న ఎన్నూరు మిక్కిలి తగినది. బ్రిటను, అమెరికా, ఇరాను, జపాను మున్నగు దేశముల ధనమో, విద్యయో, యంత్రమో గడచిన డెబ్బదియైదేండ్లలో ఎన్నూరునకో, దాని పొరుగున నున్న తిరువొత్తియూరు, మనలి ప్రాంతములకో వచ్చినది. వాని ఫలములు ఒక్క రీతిగా లేవు. ఆ భేదమునకు హేతువేమో తెలిసినచో, సంపన్న రాజ్యము తన సహకారము నెట్లు చక్కదిద్దుకొనవలెనో కూడ తెలియగలదు.

పూర్వరంగము

ఎన్నూరు తెలుగువారికి పరాయి తావు కాదు. 1806లో మదరాసునుండి ఉత్తరముగా త్రవ్విన తొలి కాలువ ఎన్నూరు వఱకే వచ్చినది. అప్పుడది కొక్రేను కాలువ. పిదప ప్రళయకావేరి సరస్సును దాటి, నెల్లూరు, ఒంగోలు తీరముల మీదుగా కృష్ణా ప్రాంతముతో సంబంధము కలిగి, 1877-78 కఱవుకాలపు పనుల తరువాత నాటి గవర్నరు పేర బకింగుహాము కాలువ యనిపించుకొన్నది. తెలుగు జిల్లాల బియ్యము, వంటచెఱకు, ఉప్పు ఈ కాలువమీద పడవలలో ఎన్నూరు ప్రక్కగా మదరాసునకు చేరుచుండెడివి. కొసస్తలై పరీవాహక ప్రాంతములో కొంత చిత్తూరు సీమలో నున్నది.

విదేశీయులతో ఒప్పందములు సైతము ఈ తీరమునకు క్రొత్త కావు. 1610లో డచ్చివారు వేంకటపతిరాయల అనుమతి పొంది ఎన్నూరునకు ఉత్తరమున పులికాటులో వర్తకస్థానము నేర్పఱచుకొనిరి. 1639లో ఆంగ్లేయులు తెలుగు నాయకులైన దామెర్లవారివలన మదరాసున స్థలము పొందిరి. చెన్నపట్టణమను పేరు దామెర్ల చెన్నప్ప నాయకునివలన వచ్చినదే. ఇచ్చినవారు నాడు బలవంతులు, పుచ్చుకొన్నవారు అర్థులు. ఒక శతాబ్దిన్నర తిరుగులోపల ఆ స్థితి తలక్రిందయ్యెను. ఒప్పందమున వ్రాయబడిన మాటలకంటె వ్రాయబడని సంగతులు, అనగా లెక్కలు ఎవరిచేతిలో నుండును, ఆయుధము లెవరివి, తగవు తీర్చు న్యాయస్థాన మెవరిది అనునవి, తుదకు బలీయములయ్యెను. నేటి సహకారములను పరిశీలించునప్పుడు కూడ ఈ వ్రాయబడని సంగతులమీదనే దృష్టి నిలుపవలసి యున్నది.

యంత్రవిద్య చేతులు మారిన తీరు

స్వాతంత్ర్యానంతరము ఎన్నూరునకు వచ్చిన తొలి విదేశ సహకారము బ్రిటనుది. 1948లో రఘునందన శరణు అశోక్ మోటార్సు అను సంస్థను స్థాపించి, ఆస్టిను కార్ల భాగములను తెప్పించి ఎన్నూరులో కూర్పించెను. 1950లో లేలండు కంపెనీతో ఒప్పందము కుదిరినది. 1954లో లారీల భాగములను క్రమక్రమముగా ఈ దేశముననే తయారుచేయుటకు కేంద్రప్రభుత్వము అనుమతించినది. 1955లో లేలండు వాటాదారై చేరగా సంస్థకు అశోక్ లేలండు అను పేరు వచ్చినది. ఇందు గమనింపదగినది ‘క్రమక్రమముగా’ అను మాట. భాగములు తెచ్చి బిగించుటతో పని ముగియదు, ఏటేట స్వదేశ భాగముల పాలు పెరుగవలెనన్నది నాటి ప్రభుత్వ విధానము. ఆ నిర్బంధము పెట్టినది పుచ్చుకొను దేశము. దానికి సమ్మతించినది ఇచ్చు దేశపు సంస్థ.

ప్రక్కనున్న తిరువొత్తియూరులో ఇదే కాలమున ఇట్టి ఉదాహరణమే మఱియొకటి కలదు. భారతసైన్యమునకు కావలసిన మోటారుసైకిళ్ల కొఱకు 1955లో రాయల్ ఎన్‌ఫీల్డు వారును మదరాసు మోటార్సు వారును కలిసి ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థను నెలకొల్పిరి. మొదట బిగింపుపనియే. 1957లో తయారీకి కావలసిన అచ్చులు, పనిముట్లు కూడ భారతసంస్థకు విక్రయింపబడెను. 1962 నాటికి బండిలోని అన్ని భాగములును ఇచటనే తయారగుచుండెను. పిమ్మట జరిగినది చరిత్రలో అపురూపము. బ్రిటనులోని మాతృసంస్థ 1970 నాటికి మూతబడినది. తిరువొత్తియూరు కర్మాగారము మాత్రము నిలిచి, 1977లో తన బండ్లను బ్రిటనుకే ఎగుమతి చేయసాగెను. లేలండు విషయమునను ఇంచుమించుగా నిట్లే జరిగినది. 1987లో లేలండు వాటా హిందూజాల చేతికి వచ్చినది. లేలండు వంశమునుండి పుట్టిన ఆప్టేరు అను ఆంగ్ల బస్సుల సంస్థలో అశోక్ లేలండు 2010లో వాటా కొని, 2012లో అధికభాగమునకు స్వామిని యయ్యెను.

ఈ రెండు సంస్థలును బ్రిటను దాతృత్వమువలన పెరిగినవని చెప్పుట పొరపాటు. అవి వర్తకపు ఒప్పందములు; ఉభయులును లాభమును కోరిరి. అయినను వీనియందు సహకారమునకు ముఖ్యమగు గుణమొకటి యున్నది. ఇచ్చువాడు తప్పుకొన్నను పని ఆగలేదు. సహకారము ఫలించినదో లేదో తెలిసికొనుటకు ఇంతకంటె నమ్మదగిన గుఱుతు మఱియొకటి దొరకదు. ధనము తీరిపోవును, యంత్రము అరిగిపోవును. పనివాని చేతికి, ఇంజనీరు బుద్ధికి పట్టువడిన విద్య మాత్రము క్రొత్త యంత్రమును పుట్టించును.

చెన్నపట్టణముననే గిండీలోని భారత సాంకేతిక విద్యాసంస్థ ఈ మాటకు ఇంకొక సాక్ష్యము. 1959లో పశ్చిమజర్మనీతో కుదిరిన ఒప్పందము ననుసరించి అది నెలకొనెను. జర్మను ఆచార్యులు వచ్చి బోధించిరి; ప్రయోగశాలలకు పరికరములు వచ్చెను; ఇంతకంటె ముఖ్యముగా, భారతీయ అధ్యాపకులు జర్మనీకి పోయి శిక్షణ పొంది వచ్చిరి. తామే యెల్లకాలము బోధించుచుందుమను తలంపుతో కాక, తమ యవసరము తీరునట్లుగా వారు పనిచేసిరి. ఆ సంస్థనుండి వెలువడిన వారిలో తెలుగు బిడ్డలు వేలకొలది.

మనలి నూనె శుద్ధి కర్మాగారము మూడవ ఉదాహరణము. 1965లో భారతప్రభుత్వము, అమెరికాకు చెందిన ఆమొకో, ఇరాను జాతీయ నూనె సంస్థ కలిసి మదరాసు రిఫైనరీసును స్థాపించిరి. వాటాలు నూటికి 74, 13, 13 పాళ్లు. 1969లో పని ప్రారంభమైనది. ధనిక దేశము విద్యను, నూనెగల దేశము ముడిసరకును, కొను దేశము అధికారమును వహించిన ఈ త్రైపాక్షిక నిర్మాణము నాటికి చక్కని యోచన. నిర్ణయాధికారము ఎవరి నేలయో వారిచేతనే యుండుట ఇందలి విశేషము. ఆమొకో 1985లో తప్పుకొన్నను కర్మాగారము సాగినది, విస్తరించినది. అయితే నిర్ణయాధికారము చేతనున్నంత మాత్రమున బాధ్యత నెఱవేరినట్లు కాదని ఈ కర్మాగారమే తరువాత తెలియజేసినది. ఆ సంగతి ముందు రానున్నది.

షరతులతో గూడిన సాహాయ్యము

పై వానికి భిన్నమైన సహకారమునకు ఉదాహరణము తిండిగింజల సాహాయ్యము. 1954లో అమెరికా చేసిన పి.ఎల్. 480 చట్టము క్రింద 1956నుండి భారతదేశమునకు గోధుమలు వచ్చెను. ఆ గోధుమలు ఆకలి తీర్చినవనుట నిజము. కాని 1965-66 కఱవు కాలమున అధ్యక్షుడు జాన్సను పంపకములను దీర్ఘకాలమునకు అనుమతింపక, కొద్ది కొద్దిగా విడుదల చేయుచు, భారత వ్యవసాయ విధానమును, వియత్నాము యుద్ధమును గూర్చిన భారత అభిప్రాయములను కూడ మనసున నుంచుకొని త్రాడు బిగించుచు వదలుచు వచ్చెను. 1966 జూన్ 6న ఋణదాతల ఒత్తిడి నడుమ రూపాయి విలువ తగ్గింపబడినది. డాలరునకు 4.76 రూపాయలున్నది 7.50 రూపాయలయ్యెను. అందులకు ప్రతిగా ఆశించిన సాహాయ్యము ఆశించినంతగా రాలేదు. దాత మనసులోని మాట ప్రతిమాసమును ఊహించుకొనుచు బ్రదుకవలసిన గ్రహీతకు కృతజ్ఞత నిలువదు, అవమానము మిగులును. తిండిగింజలలో స్వయంసమృద్ధి సాధింపవలెనను పట్టుదలకు ఆ అవమానము కూడ ఒక కారణమయ్యెను.

ఇది గతించిన కథ యనుకొనరాదు. 2025 జూలై 1న అమెరికా అంతర్జాతీయాభివృద్ధి సంస్థ తన సాహాయ్యకార్యమును చాలించి విదేశాంగశాఖలో లీనమైనది. అరువదేండ్లకు పైగా నడచిన సంస్థ ఒక్క ప్రభుత్వపు నిర్ణయముతో కొన్ని మాసములలో ముగిసెను. దానిని నమ్ముకొని ఔషధములు, టీకాలు పంచుచుండిన బీద దేశముల వైద్యశాలలు నడుమన చిక్కుకొనెను. ధనిక రాజ్యములు తమ జాతీయాదాయమున నూటికి 0.7 వంతు సాహాయ్యముగా నీయవలెనని ఐక్యరాజ్యసమితి 1970లోనే తీర్మానించినది. ఆ మాట నిలబెట్టుకొన్న రాజ్యములను నేటికిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. మొత్తము తక్కువయగుట ఒక లోపము. నిలుకడ లేకుండుట అంతకంటె పెద్ద లోపము. పదేండ్లపాటు తప్పక వచ్చు పది రూపాయలు, ఒక ఏడు వచ్చి మఱునాడు నిలిచిపోవు నూరు రూపాయలకంటె బీద దేశమునకు ఎక్కువ ప్రయోజనకరములు.

ముడిసరకు, తయారు సరకు

జపానుతో భారతదేశమునకు గల ఆర్థిక సంబంధము వేఱొక సమస్యను చూపును. జపాను ప్రపంచమున మొదటి యెను ఋణమును 1958లో ఇచ్చినది భారతదేశమునకే. 1960 దశాబ్దియందు బైలడిలా ఇనుప ఖనిజమును జపాను ఉక్కు కర్మాగారములకు పంపుటకై కొత్తవలసనుండి కిరండూలు వఱకు, తూర్పుకనుమలను తొలిచికొని, రైలుమార్గము నిర్మింపబడెను. 1967 నాటికి అది నడువసాగెను. ఖనిజము విశాఖపట్టణము రేవునుండి ఓడలకెక్కినది. పెద్ద ఓడలు వచ్చుటకై 1976లో వెలుపలి రేవు కూడ సిద్ధమయ్యెను. ఆ ఖనిజముతో జపాను ఉక్కు చేసెను. ఉక్కుతో ఓడలను, కార్లను చేసెను.

ఈ రైలు కట్టుచున్న కాలముననే, 1966లో, విశాఖలో ఉక్కు కర్మాగారము కావలెనని ఆంధ్రదేశమంతటను ఆందోళనము చెలరేగి 32 మంది ప్రాణములు కోల్పోయిరి. 1971లో శంకుస్థాపన జరిగినను, సోవియట్ సహకారముతో పని సాగి, కర్మాగారము జాతికి అంకితమగుటకు 1992 వఱకు ఆగవలసి వచ్చెను. ఖనిజము సముద్రము దాటుటకు రైలు, రేవు ఏడెనిమిదేండ్లలో సిద్ధమైనవి. ఆ రేవు ప్రక్కనే ఉక్కు పుట్టుటకు పాతికేండ్లు పట్టెను. ఇందులకు జపాను ఒక్కటే బాధ్యురాలని చెప్పరాదు. ఢిల్లీ జాప్యము, విదేశమారకద్రవ్యపు కొఱత, రాజకీయ సందిగ్ధత కూడ కారణములే. కాని కొను దేశము తనకు కావలసిన దానికి త్వరపడును, అమ్ము దేశమునకు కావలసిన దానికి త్వరపడదు అను సత్యము ఇందు కానవచ్చును.

నేడు పరిస్థితి కొంత మారినది. నిస్సాను సంస్థ 2010నుండి చెన్నపట్టణ సమీపమున కార్లు తయారుచేసి ఎన్నూరు రేవునుండి ఎగుమతి చేయసాగినది. ఖనిజము విశాఖ రేవునుండి వెడలిన నాటికిని, తయారైన కారు ఎన్నూరు రేవునుండి వెడలిన నాటికిని నడుమ జరిగిన ప్రయాణము చిన్నది కాదు. సంపన్న రాజ్యము తన విపణిని తయారు సరకునకు తెఱచుట, ఇచ్చు ఋణముకంటె తరచుగా ఎక్కువ మేలు చేయునని ఇందువలన గ్రహింపనగును.

రేవు, బూడిద, ఉప్పుటేరు

ఇక ఎన్నూరు కథలో క్లిష్టమైన భాగము. 1970లో ఎన్నూరు తాపవిద్యుత్కేంద్రము పనిచేయ మొదలిడినది, 2017లో మూతబడినది. 1994 మొదలు ఉత్తర చెన్నై తాపవిద్యుత్కేంద్రము ఒక్కొక్కటి 210 మెగావాట్ల మూడు యంత్రములతో నడువసాగెను. దానికిని, దాని బొగ్గు దిగుటకై కట్టిన ఎన్నూరు రేవునకును ఆసియా అభివృద్ధి బ్యాంకు ఋణమిచ్చినది. 1966లో మనిలాలో నెలకొన్న ఆ బ్యాంకులో జపాను, అమెరికా దేశములవి అత్యధిక వాటాలు; దాని అధ్యక్షులందఱును నేటివఱకు జపానీయులే. ఎన్నూరు రేవు 2001 ఫిబ్రవరిలో ప్రధాని వాజపేయిచే ప్రారంభింపబడెను. తరువాత దానికి కామరాజు పేరు వచ్చినది. చెన్నపట్టణపు దీపములు వెలుగుటలో, పంపులు తిరుగుటలో, కర్మాగారములు నడచుటలో ఈ ఋణమునకు గల పాలు కాదనరానిది.

అయితే బొగ్గు కాలిన చోట బూడిద మిగులును. ఆ బూడిదను నీటితో కలిపి గొట్టములద్వారా ఉప్పుటేటిమీదుగా బూడిదచెఱువునకు పంపిరి. గొట్టములు పాతబడి కారినవి. ఏండ్ల తరబడి బూడిదనీరు ఉప్పుటేటిలోనికి ప్రవహించి, అడుగున పేరుకొని, లోతు తగ్గించినది. ఉప్పుటేటిని నమ్ముకొన్న కాట్టుకుప్పము, ముగత్తువారకుప్పము మున్నగు గ్రామముల జాలరులకు రొయ్యలు, పీతలు, చేపలు తఱిగినవి. నీటిలో దిగి చేతులతో తడవి రొయ్యలు పట్టి జీవించు ఇరుళులకు అడుగున దొరకునది బూడిదయే. చెన్నై రేవు అడ్డుగోడలు కట్టిన నాటినుండియే ఇసుక దక్షిణమున నిలిచి, రాయపురమునుండి ఎన్నూరు వఱకు తీరము కోతపడుచుండినది. దానిపై ఇది క్రొత్త దెబ్బ.

2017 జనవరిలో గాయకుడు టి.ఎం. కృష్ణ ఈ ఉప్పుటేటి దుఃస్థితిని గూర్చిన పోరంబోకు పాటను కర్ణాటక రాగములలో అరవమున పాడెను. కచేరీ సభలకు పరిమితమైన సంగీతము బూడిదగుట్టల నడుమకు వచ్చుట నాడు వింతగా తోచినది. అదే మాసము 28వ తేదీన ఎన్నూరు రేవు వెలుపల పరదేశ పతాకము గల వాయునౌక యొకటియు, నూనె మోయు భారతనౌక యొకటియు ఢీకొని నూనె తీరమంతట అంటుకొనెను. కోట్లకొలది వెలగల ఓడలు తిరుగు రేవు ప్రక్కన, ఆ జిగురును విద్యార్థులు, జాలరులు, తీరరక్షకులు బకెట్లతో ఎత్తిపోయవలసి వచ్చెను. 2023 డిసెంబరులో, బాపట్ల చెంత తీరము దాటిన మిచాంగ్ తుఫాను వెంటవచ్చిన వరదలో మనలి నూనె కర్మాగారపు పరిసరములనుండి నూనె బకింగుహాము కాలువలోబడి ఉప్పుటేటిని చేరి, వలలను, పడవలను, మడచెట్లను పూసినది. అదే నెల 26వ తేదీ రాత్రి కోరమాండల్ ఎరువుల కర్మాగారపు సముద్రాంతర గొట్టమునుండి అమ్మోనియా వెలువడి, పరిసర గ్రామస్థులు ఊపిరాడక ఇండ్లు విడిచి పరుగిడిరి. కొందఱు ఆసుపత్రి పాలైరి. ఈ సంస్థ మూలమున అమెరికా సహకారముతో పుట్టి, 1967లో విశాఖపట్టణమున ఉత్పత్తి నారంభించినది.

తప్పెవరిది?

ఈ నష్టములకు ఋణదాతలను నిందింపవచ్చునా అనునది న్యాయముగా అడుగదగిన ప్రశ్న. బూడిదగొట్టములను మరమ్మతు చేయనిది విదేశ బ్యాంకు కాదు, రాష్ట్ర విద్యుత్తు యంత్రాంగము. నూనెకు కట్ట వేయనిది, 1985లో తప్పుకొన్న ఆమొకో కాదు, నేటి యాజమాన్యము. తనిఖీ చేయవలసినవారు భారతీయాధికారులు. స్వతంత్రదేశము తన బాధ్యతను ఇతరులపై త్రోయుట తగదు. మనలి కర్మాగారమును స్థాపించిననాడు అందు నూటికి 74 పాళ్లు ప్రభుత్వమునవై యుండెను గనుక, అధికారముతోపాటు అపరాధమును కూడ ప్రభుత్వమే వహింపవలెను.

కాని దాతలు పూర్తిగా తప్పించుకొనలేరు. ఋణమిచ్చునాడు విద్యుత్తు ఎన్ని మెగావాట్లు, రేవులో ఎన్ని టన్నులు, వడ్డీ ఎంత అని లెక్క కట్టిరి. ఉప్పుటేటిలో ఏటేట ఎన్ని బుట్టల రొయ్యలు దొరకునో లెక్కింపలేదు. లెక్కలేని దానికి నష్టపరిహారము కూడ లేదు. నిర్మాణము ముగిసిన నాడు ప్రారంభోత్సవము జరిగెను. గొట్టముల పోషణకు ముప్పదియేండ్లపాటు ధనమెచటనుండి వచ్చునను ప్రశ్నకు తగిన జవాబు ఏర్పడలేదు. ప్రజలు ఫిర్యాదు చేసికొనుటకు ఆసియా అభివృద్ధి బ్యాంకు ఒక పద్ధతిని మొట్టమొదట ఏర్పఱచినది 1995లో. అప్పటికి విద్యుత్కేంద్రపు యంత్రములు తిరుగుచునే యున్నవి. ఫిర్యాదు మార్గము లేనంతకాలము ఫిర్యాదు లేదని తలంచుట సుకరము.

ఇచట తెలుగుగంగను పోల్చి చూచుట ఉపయోగకరము. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశములు తమ కృష్ణాజలములనుండి తలకు 5 టి.ఎం.సీ.లు చెన్నపట్టణపు త్రాగునీటికై ఇయ్యనంగీకరించెను. 1983లో ఎన్.టి. రామారావు, ఎం.జి. రామచంద్రనుల కాలమున నిర్మాణపు ఒడంబడిక కుదిరి, 1996లో నీరు కొసస్తలై మీది పూండి జలాశయమును చేరెను. దారిలో పోవు నీరు పోగా 12 టి.ఎం.సీ.లు అందవలెను, పెక్కేండ్లు అంత అందలేదు. అయినను ఈ ఏర్పాటులో ఒక గుణమున్నది. రాష్ట్రముల సరిహద్దున ‘జీరో పాయింటు’ కడ నీటిని కొలుతురు. అంకెలు ఇరువురకును తెలియును, పత్రికలలో వచ్చును. లోటు ఎంతయో పామరునకును తెలియును. తగవు పడుటకు, తీర్చుకొనుటకు అందువలన ఆధారమున్నది. అదే నది దిగువన ఎన్నూరు కడ కలియు బూడిదకు, నూనెకు ఇట్టి కొలపాత్ర ఒప్పందములో లేదు. ఎగువన ఇచ్చు నీటిని బొట్టు బొట్టు కొలిచి, దిగువన అదే నదిలో పడు విషమును కొలువకుండుట సహకారపు లోపమే.

చేయదగిన దేమి?

2005లో పారిసులో ధనిక, వర్ధమాన రాజ్యములు కలిసి సాహాయ్యమును సార్థకము చేయుటకై ఒక ప్రకటన చేసెను. గ్రహీత తన అభివృద్ధికి తానే కర్తయై యుండుట, దాతలు ఆ దేశపు పద్ధతుల ననుసరించుట, తమలో పొందిక కలిగియుండుట, ఫలితములను చూచుట, ఉభయులును పరస్పరము జవాబుదారులగుట అనునవి అందలి అయిదు సూత్రములు. సూత్రములు మంచివే. అవి రాజధానులలో ఆగిపోవుచున్నవి. ఎన్నూరు అనుభవమును బట్టి వానిని క్రింది తీరున నేలమీదికి దింపవచ్చును.

మొదటిది, అడుగవలసినవారిని అడుగుట. ఉప్పుటేటిలో ఆటుపోటులు ఎప్పుడు మారునో, మొగ ఎప్పుడు పూడునో జాలరికి తెలిసినంతగా దూరదేశపు నిపుణునకు తెలియదు. అంచనాలను ఆంగ్లమున అచ్చువేసి కార్యాలయమున నుంచుట అడుగుట కాదు. తీరవాసుల భాషలలో, తమిళమున గాని తెలుగున గాని, గ్రామసభలో చదివి వినిపించి, వారు చెప్పిన మాటకు వ్రాతమూలముగా బదులీయవలెను.

రెండవది, పోషణమును ఋణములో చేర్చుట. కట్టుటకు ధనమిచ్చి కాపాడుటకు ఈయకుండుట సగము సాహాయ్యము. గొట్టము మార్పునకు, నది అడుగు శుభ్రతకు, నూనె ఒలికినచో ఎత్తుటకు తగిన సాధనములకు నిధి ఒప్పందముననే యుండవలెను.

మూడవది, ఋణపు భారమును న్యాయముగా పంచుకొనుట. యెనులలో పుచ్చుకొన్న ఋణమును యెనులలోనే తీర్పవలెను. 1985లో ప్లాజా ఒప్పందము జరిగిన తరువాత కొద్ది యేండ్లలో డాలరుతో పోల్చినచో యెను విలువ సుమారు రెట్టింపయ్యెను. ఋణగ్రస్త దేశముల తప్పేమియు లేకయే బాకీ బరువు పెరిగెను. వడ్డీ తక్కువయని చెప్పుకొను దాత, మారకపు విలువ మార్పులలో కూడ కొంత పాలు తాను వహించుట ధర్మము.

నాలుగవది, విద్య నిచ్చుట, తయారు సరకు కొనుట. లేలండు, ఎన్‌ఫీల్డు, గిండీ విద్యాసంస్థ ఈ రెండు మాటలకును సాక్షులు. బూడిదతో ఇటుకలు, సిమెంటు చేయుట, కలుషితమైన ఉప్పుటేటిని బాగుచేయుట, మడచెట్లు పెంచుట నేడు సంపన్న రాజ్యములవద్దనున్న విద్యలు. మినమాట కొల్లాయి పాదరసపు విషమువలన కలిగిన ఘోరమును అనుభవించి, తన నీటిని తాను శుభ్రపఱచుకొన్న జపాను, రేవులు కట్టుటకు ఋణమిచ్చుటతోపాటు ఆ అనుభవమును పంచుకొన్నచో దానికి మించిన మైత్రి యుండదు.

ఈ సూచనలు గతమునకు మాత్రమే వర్తింపవు. ఎన్నూరు రేవునుండి మామల్లపురము వైపు సాగు 133 కిలోమీటర్ల వెలుపలి వలయ రహదారి తొలి దశకై 2018లో జపాను అంతర్జాతీయ సహకార సంస్థ 4,007 కోట్ల యెనుల ఋణమునకు ఒప్పుకొన్నది. ఈ దారి ఎన్నూరు పరిసరములనుండియే బయలుదేరును. విద్యుత్కేంద్రము, రేవు కట్టిన నాటికి లేని పర్యావరణ నియమములు, ఫిర్యాదు పద్ధతులు జపాను సంస్థకు నేడు కలవు. అవి కాగితముననే యుండునా, కాట్టుకుప్పము వఱకు నడచివచ్చునా అనుట ఈ పరీక్షలో తేలవలసియున్నది.

ముగింపు

సంపన్న రాజ్యము తన సహకారము నెట్లు మెఱుగుపఱచుకొనవలెనను ప్రశ్నకు ఎన్నూరు చెప్పు జవాబు క్లుప్తమైనదే. నేర్పి వెడలిన చోట మైత్రి నిలిచినది. కట్టి వెడలిన చోట కట్టడము నిలిచి నది చెడినది. త్రాడు చేతబట్టుకొని ఇచ్చిన చోట కృతజ్ఞతకు బదులు కసి మిగిలినది. గ్రహీత తన వంతు పని చేయక, తనిఖీని, మరమ్మతును మఱచిన చోట దాత యెంత మంచివాడైనను ఫలము చెడినది.

ఈ విచారణకు మఱియొక ప్రయోజనము కలదు. 1964లోనే సాంకేతిక సహకార కార్యక్రమము ద్వారా ఇతర దేశములవారికి శిక్షణ నీయ మొదలిడిన భారతదేశము, నేడు ఆఫ్రికా, ఆసియా దేశములకు ఋణమిచ్చు స్థితికి వచ్చినది. ఆ దేశములలో రహదారులు, విద్యుత్కేంద్రములు, నీటిపథకములు కట్టు గుత్తదారులలో, ఇంజనీర్లలో తెలుగువారును ఉన్నారు. పుచ్చుకొనువారుగా ఎన్నూరులో అనుభవించిన కష్టమును, ఇచ్చువారుగా ఇంకొక దేశపు నదీముఖమున కలిగింపకుండుట వారి బాధ్యత. అచటి జాలరి బుట్టను కూడ లెక్కలో వ్రాసిననాడే ఆ సహకారము సహకారమనిపించుకొనును.